ఆకాశంలో తలుపు పట్టుకున్న మామ

మామ సంతాపసభలో మాట్లాడినవాళ్ళందరూ ఒకే అబద్ధం చెప్పారు. ఆకాశంలో విమానం తలుపు ఊడిపోబోతుంటే ఈ మహానుభావుడు చేత్తో పట్టుకుని, అందర్నీ క్షేమంగా నాందేడ్‌లో దించాడని. ఒకాయన వేదిక మీదే చెయ్యి చాపి, ఎట్లా పట్టుకున్నాడో చేసి చూపించాడు కూడా. ఆ చూపించినాయన ఎప్పుడూ విమానం ఎక్కలేదు. కిక్కిరిసిన రైల్లో కడ్డీ పట్టుకున్నట్టు చూపించాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు.

ఆ విమానంలో నేనున్నాను. మామ తలుపు పట్టుకోలేదు. సీటుబెల్టు పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నా పక్కన కూర్చున్నాడు. పట్టుకున్నది ఏదైనా ఉంటే అది నా మోచెయ్యి.

ఆయన మా అమ్మకు అన్న. నాందేడ్ వజీరాబాద్‌లో స్టీలు సామాన్ల దుకాణం. దుకాణం అత్త నడిపేది, మామ ఊరు నడిపేవాడు. కాలనీ తెలుగు సమాజానికి ఆయనే అధ్యక్షుడు, గణపతి మండలికి ఆయనే అధ్యక్షుడు, పొద్దున నడిచేవాళ్ళ సంఘానికీ ఆయనే. ఆ సంఘంలో నడవనివాడు ఆయన ఒక్కడే. మిగతావాళ్ళు చెమటలు కక్కుతూ తిరిగొచ్చేసరికి బెంచీ మీద కూర్చుని ఉండి, నడక వల్ల లాభాలు చెప్పేవాడు. మరాఠీవాళ్ళు, తెలుగువాళ్ళు, దుకాణం ముందు పాన్ నమిలే పిల్లలతో సహా అందరూ 'అధ్యక్ష్ సాహెబ్' అనేవాళ్ళు. అసలు పేరు రేషన్ కార్డులో ఉండేది.

మా వైపు ఎవరికైనా మర్యాద చెయ్యాలంటే భుజాన శాలువా కప్పి చేతిలో కొబ్బరికాయ పెడతారు. పదోతరగతి పాసైనా శాలువానే, పదవి పోయినా శాలువానే. మామ కప్పించుకున్న శాలువాలకు లెక్కలేదు. వాళ్ళింట్లో ఫ్రిజ్జుకు శాలువా, కూలరుకు శాలువా, మిక్సీకి శాలువా, స్కూటరుకు జరీ అంచు శాలువా. సత్కారం పొందని వస్తువు ఆ ఇంట్లో లేదు. సభ జరిగిన వారమంతా అత్త చేసేది కొబ్బరి పచ్చడే. మడత విప్పని శాలువాలు మాత్రం బీరువాలో ఉండేవి. అవి తర్వాత మామ చేతుల మీదుగా ఇంకొకరి భుజాలెక్కేవి. వాళ్ళ బీరువాల్లో కొన్నాళ్ళు ఉండి మళ్ళీ ఇంకొకరికి. ఒకసారి ఒక బడి వార్షికోత్సవంలో మామకు కప్పిన శాలువా మూల పసుపు మరక ఉంది. అది మామ ఎప్పుడో ఒక డాక్టరుకు కప్పిందే. వేదిక మీద చప్పట్లు మోగుతుండగా నా వైపు వంగి, మెల్లగా, "మంచిగ కాపాడిండ్రు రా" అన్నాడు.

నేను ఆయన వెంట తిరగడానికి కారణం పెద్దదేం కాదు. నాకు నౌకరి లేదు, ఆయనకు ఫోటోలు తీసేవాడు లేడు.

ఫోటోలు తీస్తూ నేను కనిపెట్టిందొకటుంది. మామ ఏ గడపా నేరుగా దాటలేడు. గుమ్మంలో ఆగాలి, వెనక్కి తిరగాలి, రెండు చేతులూ జోడించాలి. పెళ్ళి మండపంలో అంతే, బ్యాంకులో అంతే. రైలెక్కితే ప్లాట్‌ఫాం అయిపోయేదాకా తలుపు దగ్గర నమస్కారం పెడుతూ నిలబడేవాడు, వెనక ఎక్కాల్సినవాళ్ళు పక్క బోగీకి పరుగెత్తేవాళ్ళు. ఇంట్లో వంటగది గుమ్మంలో కూడా ఆగేవాడు. అత్త గరిటె చేతిలో పట్టుకుని, "లోపలికన్న రా, బయటికన్న పో. ఈగలొస్తున్నయ్" అనేది.

రెండో సంగతి, ఆయన జన్మలో తప్పు చెయ్యలేదు. కనీసం ఆయన లెక్కలో. ఒకనాడు స్కూటరు మీద పోతూ, అటు పక్క ఎవరికో నమస్కారం పెట్టబోయి ఇటు పక్క ఉల్లిగడ్డల బండిని గుద్దాడు. ఉల్లిగడ్డలు రోడ్డంతా దొర్లాయి.

"కాకా, నేను పొద్దటికెల్లి ఈడ్నే ఉన్న గదా" అన్నాడు బండివాడు.

"అదే నీ తప్పు" అన్నాడు మామ.

ఇంకోసారి ఒక పెద్దమనిషి పోతే సంతాపసభలో లేచి, అలవాటు కొద్దీ "ఈ శుభ సమయాన" అని మొదలుపెట్టాడు. పోయినాయన కొడుకు తలెత్తి చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు నేను ఊరుకోలేక, "మామా, అక్కడ శుభం ఏంది?" అన్నాను.

"స్వర్గానికి పోయిండు గదరా. శుభం కాదా? నరకానికి పోయిండంటవా నువ్వు?"

అటువంటి మనిషిని హైదరాబాదులో ఒక సంఘంవాళ్ళు సత్కారానికి పిలిచారు. ఎల్లలు దాటిన తెలుగు దివ్వె అని బిరుదు కూడా ఇస్తామన్నారు. రైలుందిగా అన్నది అత్త. "రైల్ల పోతే రైల్ల పోయినట్టే ఉంటది" అన్నాడు మామ. విమానం టిక్కెట్లు కొన్నాడు. ఒకటి తనకు, ఒకటి కెమెరాకు. కెమెరా నా చేతిలో ఉంటుంది కాబట్టి నేనూ పోయాను.

విమానాశ్రయం బయట గణపతి మండలివాళ్ళు బాజాతో సహా వచ్చి దండ వేసి, శాలువా కప్పి, కొబ్బరికాయ ఇచ్చారు. సన్మానానికి పోతున్నందుకు సన్మానం. లోపల కొబ్బరికాయ దగ్గర పేచీ వచ్చింది. చేతిసంచిలో తీసుకుపోవడానికి వీల్లేదన్నాడు తనిఖీ జవాను. మామ ఏమాత్రం తొణక్కుండా ఆ కాయను జవాను చేతిలోనే పెట్టి, ఆ చేతులు పట్టుకుని, "దేశసేవకులు" అని నా వైపు తిరిగాడు. నేను కెమెరా తీసేలోపే జవాను, ఇక్కడ ఫోటోలు లేవు, ముందుకు నడవమన్నాడు. కాయ మాత్రం తిరిగివ్వలేదు.

అది చిన్న పంకల విమానం. ఎక్కే తలుపు వెనక ఉంటుంది. ఆ తలుపే కిందికి వాలి మెట్లవుతుంది. అందరూ ఎక్కాక మెట్లతో సహా పైకి లాక్కుని మూసేస్తారు. మామ కౌంటరు దగ్గర పట్టుబట్టి తలుపు పక్కనే చివరి వరస సీటు తీసుకున్నాడు. హైదరాబాదులో దండలు పట్టుకుని నిలబడినవాళ్ళను ఎక్కువసేపు నిలబెట్టడం మర్యాద కాదట. నాకు నడిమధ్యలో ఎక్కడో పడింది.

అందరికంటే చివర్న ఎక్కాడు. పై మెట్టు మీద ఆగాడు. వెనక్కి తిరిగాడు. చేతులు జోడించాడు. ఎదురుగా ఉన్నది సామాను బండి లాగే ట్రాక్టరు, చెవులకు చప్పుడు వినపడకుండా డొప్పలు పెట్టుకున్న ఒక మనిషి. ఆ మనిషి త్వరగా లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడు. మామ దాన్ని ప్రతినమస్కారంగా తీసుకుని ఇంకోసారి పెట్టాడు. ఇంతవరకు నేను చూశాను. ఆ తర్వాత నన్ను నా సీట్లోకి పంపేశారు. ఒకవైపు ఇంజను అప్పటికే హోరెత్తుతోంది. తలుపు దగ్గర ఎవరు ఎవరితో ఏమన్నారో నాకు వినపడలేదు. అది ఆయనకూ, తలుపు మూసిన ఎయిర్‌హోస్టెస్ అమ్మాయికీ తప్ప ఇంకెవరికీ వినపడలేదు. కథంతా ఇక్కడే ఉంది.

ఆ అమ్మాయి నౌకరిలో కొత్త. కొత్త అని ఎట్లా తెలుసంటే, బెల్టు ఎట్లా పెట్టుకోవాలో చెప్తున్నప్పుడు మనం వింటున్నామని నమ్మింది.

గోదావరి కింద సన్నబడి, పొలాలు గళ్ళ లుంగీలా కనిపిస్తున్న సమయంలో ఎక్కడో టింగుమంది. అమ్మాయి గోడకున్న ఫోను ఎత్తి విని, వెనక్కి పోయింది. వెంటనే తిరిగి వచ్చి ఫోన్‌లో ఏదో చెప్పింది. నడకలో తొందర లేదు, అదంతా ముఖంలో ఉంది. తర్వాత చివరి వరసలవాళ్ళను లేపి, ముందు ఖాళీ ఉన్న సీట్లలోకి పంపింది. మామ వచ్చి నా పక్కన పడ్డాడు. దండ ఉంది, శాలువా లేదు.

"శాలువ ఏది మామా?"

"ఉన్నది."

"యాడ?"

"ఉన్నదంటున్న గదా. నీకెందుకు?"

కెప్టెన్ మాట్లాడాడు. తలుపు సరిగ్గా పడలేదేమోనని తన ముందు ఒక దీపం వెలిగిందన్నాడు. తప్పు తలుపుది కావచ్చు, దీపానిది కావచ్చు, దాన్ని పైన తేల్చం, కింద తేలుస్తాం అన్నాడు. ఇంకా ఎత్తుకు పోకుండా, లోపలి గాలి తలుపును బయటికి నెట్టకుండా చూసుకుంటూ నాందేడ్‌కే తిరిగి పోతున్నామన్నాడు. అందరూ బెల్టులు పెట్టుకోవాలి, తలుపు దగ్గరికి ఎవరూ పోకూడదు. అంతే. మామతో తిరిగినన్నాళ్ళలో అంత తక్కువ మాటల్లో ప్రసంగం ముగించిన మనిషిని నేను చూడలేదు.

కెప్టెన్ వదిలేసిన నాటకాన్ని మేము అందుకున్నాం. ఒకామె మొగుడికి ఫోన్ చేసి, సిగ్నల్ లేకపోయినా, గ్యాస్ బండ ఎక్కడ బుక్ చెయ్యాలో చెప్పసాగింది. నా ముందు సీట్లో ఉన్న లావుపాటి కాంట్రాక్టరు లేచి నిలబడ్డాడు.

"మన నడుం బెల్టులన్నీ కలిపి ఆ దర్వాజకు కడ్దాం. నేను పట్కుంట."

"అన్నా, కూసోండ్రి" అంది అమ్మాయి. అప్పటిదాకా ఇంగ్లీషు, హిందీ మాట్లాడిన పిల్ల నోట మా తెలుగు వచ్చింది. "దర్వాజ ఎవ్వలు ముట్టద్దు. నేను గూడ ముట్ట. మీ బెల్ట్ మీరు పెట్టుకుంటె సాలు."

కాంట్రాక్టరు కూర్చుంటూ, "మనదే భాషనా? ఏ ఊరు బిడ్డా?" అన్నాడు.

"కిన్వట్. కింద దిగినంక చెప్త, ఏ గల్లీనో గూడ చెప్త. కూసోండ్రి."

వెనకనుంచి సన్నగా ఈల వేస్తున్నట్టు చప్పుడు వస్తోంది. కాంట్రాక్టరు మా వైపు తిరిగాడు. "అధ్యక్ష్ సాహెబ్, మీరన్న నాలుగు మాటలు చెప్పుండ్రి. జనానికి ధైర్యమొస్తది."

మామ కళ్ళు తెరవలేదు. నాలుగు మాటలు అడిగితే చెప్పలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

చావుకు భయపడుతున్నాడనుకున్నాను. అది నా పొరపాటు. చావుకు భయపడేవాడు దేవుణ్ణి తలుచుకుంటాడు, మామ మధ్యమధ్య కళ్ళు తెరిచి వెనక్కి చూస్తున్నాడు. తలుపు ఊడిపోతుందేమోనని కాదు. తలుపు తెరుస్తారు కదా అని.

దిగడంలో చెప్పుకోవడానికేం లేదు. మామూలుగా దిగింది. పక్కన అగ్గి ఆర్పే ఎర్ర బండి నిలబడి ఉంది గానీ దానికి పని పడలేదు, అందులోవాళ్ళు కొంచెం నిరాశపడ్డట్టు కూడా కనిపించారు. బయటినుంచి తలుపు దించారు. దించగానే, సీటు కింద కుక్కి ఉన్న శాలువా, తలుపు సందులో నలిగిన కొంగుతో సహా, మెట్ల మీదుగా జారి మామ కంటే ముందే నేల మీదికి దిగింది. చెవి డొప్పల మనిషి దాన్ని ఎత్తి దులిపాడు. కుచ్చులకు నల్లగా గ్రీజు.

ఎవరి శాలువా అని అడగాల్సిన పనిలేదు. విమానంలో మెడలో బంతిపూల దండతో ఉన్నది ఒక్కడే.

మమ్మల్ని మళ్ళీ లోపలి హాల్లో కూర్చోబెట్టారు. విమాన కంపెనీ తరఫున అక్కడ పనులు చూసే అధికారి వచ్చాడు. మరాఠీ మనిషి, ఇస్త్రీ చెడని చొక్కా. మమ్మల్నేం అనలేదు. నేరుగా అమ్మాయి మీద పడ్డాడు.

"తలుపు మూసేటప్పుడు కళ్ళు ఎక్కడ పెట్టావు? నీ నౌకరి ఇంకా పక్కా కూడా కాలేదు. ఇది పైకి పోతే రేపటినుంచి ఇంట్లో కూర్చోవాల్సిందే, తెలుసా?"

అమ్మాయి ఏడవలేదు. "అడిగాను సర్. శాలువా పూర్తిగా లోపలికి తీసుకున్నారా అని ఆయన్ను అడిగాను. తీసుకున్నానన్నారు. ఆయన అడ్డంగా నిలబడటంతో నాకు కొంగు కనపడలేదు."

"సాక్ష్యం?"

సాక్ష్యం లేదు. ఇంజను హోరులో జరిగిన మాట. కిన్వట్ నుంచి వచ్చిన కొత్త పిల్ల మాట ఒకవైపు, ఊరందరి అధ్యక్షుడు ఒకవైపు. హాలంతా మామ వైపు తిరిగింది. అధికారి కూడా తిరిగాడు, తిరుగుతూనే గొంతు మార్చాడు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. మామ దుకాణం ముందు అందరూ వాడేదే.

"సాహెబ్, అంత చప్పుడులో ఆమె అడిగింది మీకు వినపడి ఉండదు. అవునా?"

తప్పించుకోవడానికి దారి చూపించడమే కాదు, తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. మామ చెయ్యాల్సిందల్లా తల ఊపడం. ఉల్లిగడ్డల బండిదే తప్పని తేల్చిన మనిషికి అదెంత పని. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆ తల ఊగుతుందనే అనుకున్నాను. నిజం చెప్తున్నాను, లోపల ఒక జోకు కూడా సిద్ధం చేసుకున్నాను.

మామ లేచి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నాడు. కాంట్రాక్టరు నిట్టూర్చి సీట్లో వెనక్కి వాలాడు, అరగంటకు సిద్ధపడి.

"ఇనవడ్డది" అన్నాడు మామ.

అధికారికి తెలుగు రాదు. మామ మరాఠీలోకి మారి మళ్ళీ చెప్పాడు. వినపడింది. తీసుకున్నానని చెప్పాను. తీసుకోలేదు.

"అంటే, మీకు తెలియక..."

"తెలుసు. దర్వాజ పడంగనే సూసిన. గుంజిన, రాలే. సీటు కిందికి నూకిన."

"మరి చెప్పాలి కదా సాహెబ్?"

మామ చుట్టూ చూశాడు. ఇన్నేళ్ళు సభల్లో చూసిన చూపు కాదది. దుకాణంలో చిల్లర అడిగేవాడి చూపు.

"మళ్ళ దర్వాజ తెరిపిస్తే అందరు నవ్వుతరనుకున్న" అన్నాడు. కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. నేను సిద్ధం చేసుకున్న జోకు పనికిరాకుండా పోయింది. నవ్వడానికి బదులు తిట్టారు. మొదలుపెట్టింది కాంట్రాక్టరే. పొద్దటినుంచి 'సాహెబ్' అన్న నోటితో, "నీ శాలువ కోసం మా పానాలు తీస్తవా ముసలోడా" అన్నాడు. గ్యాస్ బండ ఆమె అందుకుంది. ఇంకొకాయనకు హైదరాబాదులో కోర్టు పని ఉందట. ఆయన న్యాయశాస్త్రం వదిలేసి మామూలు భాషలోనే తిట్టాడు. మామ దండ ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నాడు. ఆయన అధ్యక్షత వహించని సభ నేను చూసింది అదొక్కటే. అందరికీ మాట్లాడే అవకాశం దొరికింది కూడా అదొక్కదాంట్లోనే.

అధికారి పక్కకు పోయి పైవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడాడు. ప్రయాణికుడే తప్పు సమాచారం ఇచ్చాడని చెప్పడం మా అందరికీ వినపడింది. తిరిగి వచ్చి, అమ్మాయిని తర్వాతి విమానానికి తయారు కమ్మన్నాడు. ఆమె నౌకరి నిలిచింది. మామను మాత్రం ఆ రోజుకు ఏ విమానమూ ఎక్కనిచ్చేది లేదన్నారు. సాయంత్రం హైదరాబాదు వేదిక మీద దివ్వె లేకుండానే సభ జరిగింది.

బయటికి వస్తుంటే ఆ అమ్మాయి ఎదురొచ్చింది. దండాలు పెడుతుందేమో, కృతజ్ఞతలు చెప్తుందేమో అనుకున్నాను. మామ కూడా అనుకున్నట్టున్నాడు, చేతులు సగం లేచాయి.

"కాకా, ఈసారి ఎవలన్న అడిగితె ముందే నిజం చెప్పుండ్రి" అంది. "నాకు ఇంటికాడ ఇద్దరు చెల్లెండ్లు చదువుతున్నరు. మీ మాట నమ్మి నేను దర్వాజ మూసిన."

"సరే బిడ్డా" అన్నాడు మామ. చేతులు దించుకున్నాడు.

ఊళ్ళో ఎవరడిగినా ఆ తర్వాత మామ ఉన్నదున్నట్టే చెప్పేవాడు. శాలువా నాది, అబద్ధం నాది, విమానం నా వల్ల తిరిగొచ్చింది అని. ఇన్నేళ్ళు ఆయన కోసిన కోతలన్నీ నమ్మిన ఊరు ఆ ఒక్క నిజాన్ని నమ్మలేదు. ఎంత వినయం, ఎంత గొప్ప మనసు, ఆ పిల్ల తప్పు తన మీద వేసుకున్నాడు అన్నారు. ఆయన కాదన్నకొద్దీ కథ పెరిగింది. చివరికి తలుపు చేతికిచ్చారు.

మొదట నమ్మనిది మాత్రం అత్తే. ఆ మధ్యాహ్నం ఆటోలో ఇంటికి చేరేసరికి ఆమె గుమ్మం ముందు మిరపకాయలు ఎండబోస్తోంది. హైదరాబాదులో ఉండాల్సిన మొగుడు గేటు ముందు దిగడం చూసి, చాట కింద పెట్టింది.

"ఏమాయె? ఇమానం పోలేదా?"

"పోయి వాపస్ అచ్చింది" అన్నాడు మామ. "తప్పు నాదే."

అత్త ఆయన్ను చూసింది, నన్ను చూసింది. "ఏమంటుండు రా?"

"నిజమే అత్తా. మామదే తప్పు. అందరి ముందట ఒప్పుకున్నడు."

అత్త లేచి, కారం చేతులు కొంగుకు తుడుచుకుని, దగ్గరికి వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టింది. తర్వాత మెడ మీద. మామ కదలకుండా నిలబడ్డాడు.

"పెయ్యి కాల్తలేదు" అంది నాతో. "అయినా ఎందుకన్న మంచిది, ఆటోను ఆపు. డాక్టర్‌కు సూపెట్టుకొని వద్దాం."